మీటరమ్మ అడుగులు

ఆ ఇంట్లో పొద్దున ఆరింటికల్లా చప్పుళ్ళు మొదలయ్యేవి. ముందు అత్తగారు లేచేది. ముప్పై ఏళ్ళు బళ్ళో గంట కొట్టి రిటైరైన మనిషి, ఆవిడ ఒంట్లోనే ఓ గడియారం ఉండిపోయింది. ఆరింటికి నేల తుడుపు, ఆరున్నరకి పాలు, ఏడింటికి పసిబట్టల ఉతుకు. ఐదు నిమిషాలు అటూ ఇటూ అయితే ఆవిడకి రోజంతా పాడైపోయినట్టే. తరవాత కొడుకు లేచేవాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళోవాళ్ళని పైకీ కిందికీ తిప్పడమే పనైనా తను మాత్రం మెట్లే దిగుతాడు, అదీ ఇనుప ముక్కు బూట్లతో, కింది వాటా వాళ్ళు పైకప్పు వంక చూసుకునేలా. ఉయ్యాల్లో ఉన్న పది వారాల పాప కళ్ళు విప్పకుండానే ఇవన్నీ గుర్తుపట్టేది. నాయనమ్మ చెప్పులు టపటపలాడితే కాళ్ళు ఆడించేది. బూట్ల చప్పుడు వినబడితే మూతి అటు తిప్పేది.

తల్లి వస్తే ఏమీ వినబడేది కాదు.

ఆమె ఉయ్యాల దాకా వచ్చి వంగేది. పాప కళ్ళు విప్పేసరికి ఎదురుగా, ముందస్తు కబురేమీ లేకుండా, ఓ పెద్ద మొహం. ఉలిక్కిపడి రెండు చేతులూ విసిరి గుక్కపట్టేది.

"మళ్ళీ దడిపించావా?" అనేది అత్తగారు వంటింట్లోంచి. "వచ్చేటప్పుడు కాస్త దగ్గయినా దగ్గు అమ్మాయ్. పసిదానికి గుండె ఎంతుంటుంది?"

"మా ఆవిడ దొంగతనాలకి దిగితే ఈపాటికి మేడ కట్టేసేవాళ్ళం" అనేవాడు మొగుడు బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

మొదట్లో ఆ మాటకి ఆమె నవ్వేది. ఈ మధ్య నవ్వడం లేదు. అతనూ గమనించాడు. కానీ ఆ వేళాకోళం మానేస్తే ఇంక ఏం మాట్లాడాలో తెలియక దాన్నే రోజూ సాగదీస్తున్నాడు.

నిజానికి ఆ పేటలో ఆమె అడుగులంత పేరున్న అడుగులు ఇంకొకరికి లేవు. కరెంటాఫీసు తరఫున తొమ్మిదేళ్ళుగా ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసే మనిషి. అందరూ మీటరమ్మ అనేవాళ్ళు. ఎడమ భుజాన సంచీ బరువు ఉండడం వల్ల ఎడమ కాలు కాస్త గట్టిగా పడేది. నాలుగడుగులు, మీటరు ముందు ఆగుడు, మళ్ళీ నాలుగడుగులు. కుక్కలు ఆ చప్పుడు విని తోకాడించి మళ్ళీ పడుకునేవి. ఇళ్ళలోవాళ్ళు గబగబా వెళ్ళి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసేవాళ్ళు, అప్పటికప్పుడు పీకేస్తే నెలంతా కాలిన కరెంటు వెనక్కి వస్తుందన్నట్టు. ఆమె చూసీ చూడనట్టు రాసుకుని వెళ్ళిపోయేది.

ఆ అడుగులు కాన్పు ఆపరేషన్ రోజున దిగిపోయాయి. దిగిపోవడంలో వింతేం లేదు. నడుములో మత్తుమందు పడ్డాక ఎవరి అడుగులైనా దిగిపోవలసిందే.

ఆ రోజు పాప గుండె చప్పుడు నెమ్మదించిందని హడావిడిగా ఆమెని బల్ల మీద కూర్చోబెట్టారు. మత్తు డాక్టరమ్మ వెనక నిలబడి, "దిండు కావిలించుకుని వీపు పిల్లిలా వంచమ్మా, కదలకు" అంది. వెన్ను మీద చల్లగా ఏదో రాశారు. సూది చురుక్కుమంది. ముందు పాదాల్లో వెచ్చదనం, తరవాత తొడల్లో బరువు, ఆ తరవాత నడుము కింద ఒళ్ళు ఇంకెవరిదో అయిపోయింది. అప్పుడే బల్ల మీంచి అడుగులు దిగిన చప్పుడైంది. టక్కున ఎడమది, మెత్తగా కుడిది. వార్డుబాయ్ అలవాటుగా పక్కకి జరిగి తలుపు తెరిచిపట్టుకున్నాడు. అడుగులు వరండాలోకి వెళ్ళిపోయాయి.

ఛాతీ దగ్గర పచ్చగుడ్డ అడ్డం కట్టారు. డాక్టరమ్మ తలవైపు కూర్చుని, భయం వెయ్యకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమంది. మీటరమ్మకి ఏం తోచక తను తిరిగే వీధిలో ఎవరింట్లో ఎంత రీడింగొచ్చిందో వరసగా చెప్పుకుపోయింది. నొప్పి లేదు. కానీ సంచీలో తాళంచెవి వెతుకుతున్నట్టు ఎవరో లోపల చేతులు పెట్టి కెలుకుతున్నారని తెలుస్తూనే ఉంది. పదిహేడో ఇంటి దగ్గర పాప ఏడ్చింది.

మందు దిగిపోగానే, నాలుగైదు గంటల్లో, అడుగులు వాటంతట అవే తిరిగి వస్తాయి. దారి తెలియడానికి మనిషి చెప్పులు మంచం కింద పెట్టి ఉంచాలి. అవొచ్చి చెప్పుల్లో దూరతాయి, మనిషి లేచి నడిస్తే మళ్ళీ చప్పుడవుతుంది. డిశ్చార్జి కాగితంలో ఆ వరసే ఉంటుంది: తిమ్మిరి తగ్గినదా, మూత్రము వచ్చినదా, అడుగులు చేరినవా.

మీటరమ్మవి చేరలేదు. మొదటి రోజు సాయంత్రం మంచం చుట్టూ ఏదో తచ్చాడినట్టనిపించింది, అంతే. ఆ మర్నాడు పక్కమంచం చుట్టాలావిడ ఎవరితోనో అంటుండగా వింది: "మూలమంచం పిల్ల అడుగులు రెండ్రోజులైనా రాలేదట. కన్నబిడ్డంటే ఇష్టం లేనివాళ్ళకే అలా అవుతుందంటారు." మూలమంచం పిల్ల అడుగులు ఆ పూటే వచ్చేశాయి, ఆ పిల్ల నవ్వుకుంటూ ఇంటికెళ్ళింది. కానీ ఆ మాట మాత్రం మీటరమ్మ చెవిలో జోరీగలా ఉండిపోయింది. నర్సు కాగితం పట్టుకుని వచ్చి, "అడుగులు వచ్చాయా?" అని అడిగితే, తేలు కుట్టిన దొంగలా, "వచ్చాయి" అంది. నర్సు టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక చప్పుడు లేదని అత్తగారు గమనించకపోలేదు. "మెత్తగా నడవడం నేర్చుకుంది, మంచిదే, పాప నిద్ర చెడదు" అని సంతోషించింది. అడుగులు రాలేదని మాత్రం ఆవిడకి తట్టలేదు. కోడలు అబద్ధమాడుతుందని ఎందుకనుకుంటుంది?

పాప పడుకున్నప్పుడే నువ్వూ పడుకో అని అందరూ చెప్పేవాళ్ళు. ఆమె పడుకునేది. రెండు నిమిషాలకి కాళ్ళు వాటంతట అవే దుప్పట్లోంచి బయటికొచ్చేవి. కిటికీ దాకా, కిటికీ నుంచి ఉయ్యాల దాకా, ఉయ్యాల నుంచి వంటింటి దాకా కాలుకాలిన పిల్లిలా తిరిగేది. పాప ఊపిరి తీస్తోందో లేదో చూసేది. తీస్తోంది. మళ్ళీ చూసేది. తీస్తూనే ఉంది. ఇంతమంది చూసుకుంటున్నారు, నేను లేకపోయినా ఇది ఊపిరి తీస్తుంది, ఆ మాటకొస్తే నేను లేకపోతేనే ఉలిక్కిపడకుండా పెరుగుతుంది, అనుకునేది. మొదటిసారి ఆ ఆలోచన వచ్చినప్పుడు భయపడి మొహం కడుక్కుంది. పదోసారికి అది ఇంట్లో మనిషిలా అలవాటైపోయింది.

చప్పుడు లేని మనిషికి ఓ సౌకర్యం ఉంది. ఎప్పుడు వెళ్ళిపోయినా ఎవరికీ వినబడదు. ఓ మధ్యాహ్నం అత్తగారు ముందుగదిలో కూర్చుని గుడ్డలు మడతపెడుతుండగానే ఆవిడ వెనకనుంచి నడుచుకుంటూ గేటు దాకా వెళ్ళింది. నిలబడింది. తిరిగొచ్చింది. ఆవిడ తలెత్తలేదు. వారం తరవాత బస్టాండు దాకా వెళ్ళింది. ఏ బస్సు ఎటు పోతుందో చదువుతూ అరగంట నిలబడింది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసేసరికి వెనక్కి తిరిగింది. ఇంట్లో అడుగుపెడితే అత్తగారు, "కాస్త నిద్ర పట్టిందా?" అని అడిగింది.

"పట్టింది" అంది మీటరమ్మ. అప్పటికి అది ఎన్నో అబద్ధమో ఆమెకే తెలియదు.

ఇంకోసారి వెళితే వెనక్కి రాకూడదనుకుంది. పది వారాల టీకాకి ఆసుపత్రికి వెళ్ళాలి. సూది పడ్డాక పాపని అత్తగారి చేతిలో పెట్టి, మందులు తెస్తానని చెప్పి, వెనక గేటులోంచి బయటపడితే ఎదురుగానే బస్సులు ఆగుతాయి. ఆఫీసు సంచీలో రెండు జతల బట్టలు కుక్కింది. ఎక్కడికో తెలియదు. ఎంతసేపు నడవాలో కూడా తెలియదు కాబట్టి, అత్తగారు కొన్న పూలచెప్పులు పక్కన పెట్టి, అటక మీద కాగితంలో చుట్టి ఉన్న తన పాత చెప్పులు తీసి వేసుకుంది. ఆ మడమలు అరిగిపోయిన చెప్పులు చూసి అత్తగారు మొహం చిట్లించింది గానీ టైమైపోతోందని ఊరుకుంది.

ఆసుపత్రిలో పిల్లల వరస పొడుగ్గా ఉంది. అత్తగారు పాపని ఎత్తుకుని బెంచీ మీద కూర్చుంది. మీటరమ్మ కూర్చోలేక గోడవారన అటూ ఇటూ తిరుగుతోంది. అప్పుడు పైఅంతస్తులో వినబడింది. నాలుగడుగులు. ఆగుడు. మళ్ళీ నాలుగడుగులు. ఎడమది గట్టిగా.

"ఇప్పుడే వస్తా అత్తయ్యా" అని మెట్లెక్కేసింది.

పైన బాలింతల వార్డు. ఆయా తుడుపుకర్ర ఆనించుకుని నడుం పట్టుకుని నిలబడి ఉంది. అడుగులు ఆమె పక్కనుంచే వెళ్ళాయి.

"జాగ్రత్తమ్మా, తడి ఉంది" అంది ఆయా, ముందు అడుగులతో, ఆ తరవాత మీటరమ్మతో. "ఎవరివో ఏమో, రెండు నెలలు దాటింది. వచ్చినవాళ్ళవన్నీ పోతున్నాయి, ఇవి మాత్రం పోవు. పొద్దస్తమానం తిరగడమే."

"ఏం చేస్తుంటాయి ఆయమ్మా?"

"ఏం చేస్తాయి, ప్రతి ఉయ్యాల దగ్గరా ఆగుతాయి. కాసేపు నిలబడతాయి. పక్క ఉయ్యాలకి పోతాయి. వరస అయిపోయాక మళ్ళీ మొదటికి. పిల్లలు కూడా అలవాటుపడ్డారు, ఇవి వస్తే ఏడుపు ఆపుతారు. నిన్న ఓ బాలింత అంది, ఇవి రాకపోతే నాకు నిద్రే పట్టదని."

మీటరమ్మ గోడకి ఆనుకుంది. ఎనిమిది ఉయ్యాలలు. అడుగులు మూడోదాని దగ్గర ఆగి ఉన్నాయి. ఎంతసేపు ఆగుతాయో ఆమెకి తెలుసు. మీటరు అంకెలు ఒకసారి చదివి, సరిగ్గా చదివానా అని ఇంకోసారి చూసుకునేంతసేపు. నాలుగో ఉయ్యాల. ఐదోది.

ఇంతలో మత్తు డాక్టరమ్మ ఆకుపచ్చ బట్టల్లో అటుగా వచ్చింది. మీటరమ్మని చూసి ఆగింది, కానీ గుర్తుపట్టలేదు.

"నేను మేడమ్, పది వారాల కింద..."

"మొహం ఇలా చూస్తే నాకు తెలీదమ్మా. ఒకసారి తల వెనక్కి వాల్చు." డాక్టరమ్మ వెనక్కి వచ్చి, పైనుంచి తలకిందులుగా ఆ మొహంలోకి చూసింది. "ఆ. మీటర్ల అమ్మాయివి. పదిహేడో ఇంట్లో రీడింగెంతో చెప్పకుండానే ఆపేశావు."

ఆ మాటకి మీటరమ్మకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఆపుదామనుకుంది, ఆగలేదు. "అవి నావే మేడమ్. రాలేదు. వచ్చాయని అబద్ధం చెప్పాను. పిల్లంటే ఇష్టం లేనివాళ్ళకి రావన్నారు. నిజమేనేమో. దాన్ని చూస్తే నాకేమీ అనిపించదు. భయం ఒక్కటే. దానికీ నేనంటే భయమే."

అడుగులు ఆరో ఉయ్యాల దగ్గరికి వచ్చాయి. ఇద్దరూ విన్నారు.

"ఇక్కడ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి" అంది డాక్టరమ్మ. "ఇష్టం లేని అడుగులైతే ఆ రోజే ఊరు దాటేవి. ఇవి ఇన్ని రోజులుగా ఉయ్యాలలు వెతుక్కుంటున్నాయి. నీకేమీ అనిపించడం లేదంటున్నావు. వీటికి అనిపిస్తోందిగా, ఇవి ఎవరివి?"

ఆయా ఇందాకట్నుంచీ మీటరమ్మ కాళ్ళవైపే చూస్తోంది. "ఇవా మీ చెప్పులు? ఆ రోజు మంచం కింద ఇవి లేవే. పూలవి, కొత్తవి ఉన్నాయి. నేనే కదా ఊడ్చింది."

అప్పుడు అర్థమైంది. అరిగిన చెప్పులు నలుగురిలో బాగుండవని అత్తగారు వాటిని ఇంటికి పంపేసి, ముచ్చటపడి కొన్న కొత్తవి మంచం కింద పెట్టింది. అడుగులు వచ్చాయి, చూశాయి, మనిషి ఇక్కడ లేదనుకుని వెళ్ళిపోయాయి. ఎవరి తప్పనాలి? అత్తగారిది ప్రేమే. కోడలిది సిగ్గు. టిక్కు పెట్టిన నర్సుది తొందర.

ఎనిమిదో ఉయ్యాల అయింది. అడుగులు మొదటికి వెళ్ళబోతూ మీటరమ్మ ముందు ఆగాయి. మిగతాచోట్ల కంటే ఎక్కువసేపే ఆగాయి. తరవాత ఎడమ చెప్పు కొంచెం బరువెక్కింది. ఆ వెనకే కుడిది.

"హమ్మయ్య" అంది ఆయా, తుడుపుకర్ర బకెట్లో ముంచుతూ. చివరి ఉయ్యాల్లో ఓ పసివాడు గుక్కపట్టాడు. ఇవాళ్టి నుంచి వాణ్ణి వాళ్ళమ్మే ఊరుకోబెట్టుకోవాలి.

డాక్టరమ్మ జేబులోంచి చీటీ తీసి ఏదో రాసింది. "అడుగులు వచ్చినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయనుకోకు. నిద్ర లేదు, కూర్చోలేకపోతున్నావు, రాకూడని ఆలోచనలు వస్తున్నాయి, అవునా? ఇది జబ్బమ్మా. చాలామందికి వస్తుంది, మందుంది, తగ్గుతుంది. కింద చివరి గదిలో మనసు డాక్టరుంటారు, రోజూ సాయంత్రం ఐదింటిదాకా. ఇంట్లోవాళ్ళకి చెప్పి రా."

ఆమె తలూపింది. చీటీ తీసుకుని సంచీలో బట్టల మధ్య పెట్టుకుంది. చివరి గది దాకా నడిచింది కూడా. గది ముందు బెంచీ మీద ఎవరో తెలిసినావిడ ఉన్నట్టనిపించి వెనక్కి తిరిగింది. ఆ రోజు బస్సెక్కలేదు. సూది పడ్డ పాప ఏడుస్తుంటే ఎత్తుకుని అత్తగారితోపాటే ఇంటికి వెళ్ళింది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఆమె వస్తుంటే పాప కళ్ళు తలుపువైపు తిరిగేవి. ఉలికిపాటు తగ్గింది. "అడుగులు గట్టిగా పడుతున్నాయే, ఒంట్లోకి బలం వచ్చింది" అంది అత్తగారు. మొగుడు దొంగల జోకు మానేసి కొత్తది వెతుక్కుంటున్నాడు. అందరూ కుదుటపడ్డారు. చీటీ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అందరూ ఇంత సంతోషంగా ఉంటే ఎలా చెబుతుంది?

ఐదో రోజు మధ్యాహ్నం మళ్ళీ మొదలైంది. కిటికీ, ఉయ్యాల, వంటిల్లు. పాప ఇప్పుడు తనని చూసి ఏడవడం లేదు, అయినా మొదలైంది. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. తప్పు అడుగులది కాదు, నాదే, ఇంక బాగుపడేది లేదు, అనుకుంది. సంచీ భుజాన వేసుకుంది. అత్తగారు ముందుగదిలో చాప మీద కునుకు తీస్తోంది. రెండు నుంచి మూడింటిదాకా ఆవిడ నిద్ర, గంట కొట్టినట్టే. ఆవిడ పక్కనుంచి మీటరమ్మ గుమ్మంవైపు నడిచింది, మునుపు రెండుసార్లు నడిచినట్టే.

నాలుగో అడుక్కి అత్తగారు కళ్ళు విప్పింది.

"ఎక్కడికే అమ్మాయ్?"

మీటరమ్మ ఆగిపోయింది. ఈ పది వారాల్లో నిద్ర పట్టిందా అని అడిగారు, పాలు సరిపోతున్నాయా అని అడిగారు, కుట్లు మానాయా అని అడిగారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అడిగే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు మరి. మందుల షాపుకి అనడానికి నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

"తెలీదత్తయ్యా" అంది. "వెళ్ళిపోతున్నాను. ఇది మూడోసారి. ఈసారి తిరిగి రావాలనిపించడం లేదు."

అత్తగారు లేచి కూర్చుంది. సంచీవైపు చూసింది, కోడలి మొహంవైపు చూసింది. నెత్తిన పిడుగు పడ్డట్టయింది ఆవిడకి. తను పక్కనుండగానే రెండుసార్లు వెళ్ళిందా? కేకలు పెడుతుందేమో, కొడుక్కి ఫోను చేస్తుందేమో అని మీటరమ్మ ఎదురుచూసింది.

"నిద్ర పోవట్లేదు కదూ నువ్వు?" అంది ఆవిడ చివరికి, గొంతు తగ్గించి. "అడిగినప్పుడల్లా పట్టిందనేదానివి. నేనూ నమ్మితే సరిపోతుందని నమ్మాను."

"ఆసుపత్రిలో ఒక డాక్టర్ని చూడమన్నారు. ఐదింటిదాకా ఉంటారట. నేను వెళ్ళలేదు."

గోడమీద గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. పాలు కాయడానికి, పసిబట్టలు తియ్యడానికి, అన్నిటికీ వేళలున్నాయి ఆ ఇంట్లో. అత్తగారు జుట్టు ముడేసుకోకుండానే లేచింది. ఉయ్యాల్లోంచి పాపని నిద్రలోనే తీసి భుజాన వేసుకుంది. ఒంటిచేత్తో తాళంచెవి వెతికింది, దొరకలేదు. పోనీలే, తలుపు దగ్గరగా వేస్తే చాలనుకుంది.

"ఉండు, నేనూ వస్తున్నా. ఆ సంచీ బరువుగా ఉంటే ఇటివ్వు."

"బరువేం లేదత్తయ్యా."

అత్తగారికి ఎడమ చెప్పులో వేలు ఓ పట్టాన దూరడం లేదు. ఆవిడ చెప్పులు వేసుకునేదాకా మీటరమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.